పదమూడు వరుసల నాటకశాల: క్రాకూఫ్ నుంచి వ్రొత్స్వాఫ్ దాకా

దక్షిణ పోలండ్‌లో విస్తులా నది ఒడ్డున ఉన్న క్రాకూఫ్ నగరం నుంచి పడమరగా బయలుదేరి, ఓష్వియెంచిమ్, ఒపోలె పట్టణాల మీదుగా ఓడ్ర నదీతీరంలోని వ్రొత్స్వాఫ్ చేరే దారి మూడు వందల కిలోమీటర్లకు మించదు. బొగ్గు గనులకూ ఉక్కు కర్మాగారాలకూ పేరుపడ్డ సైలీషియా ప్రాంతం గుండా సాగే ఈ దారిలో ఎక్కువమంది యాత్రికులు క్రాకూఫ్ కోటనూ, ఓష్వియెంచిమ్‌లోని ఆష్విట్జ్ నిర్బంధ శిబిరాన్నీ చూసి వెనుదిరుగుతారు. రంగస్థల చరిత్ర మీద ఆసక్తి ఉన్న యాత్రికుడు మాత్రం ఇంకా ముందుకు సాగి ఒపోలెలో దిగుతాడు. ఐరోపా నాటకశాలల్లో శరత్కాలంలో మొదలై మరుసటి వేసవికి ముగిసే ప్రదర్శనల కాలాన్ని సీజన్ అంటారు. 1962 అక్టోబరు నుంచి 1963 జూన్ వరకు సాగిన సీజన్‌లో ఈ చిన్న పట్టణంలోని ఒక చిన్న నాటకశాల రెండే రెండు కొత్త ప్రదర్శనలతో ప్రపంచ రంగస్థలపు ఆలోచననే మార్చివేసింది. యెజి గ్రోటోవ్‌స్కీ దర్శకత్వంలో జరిగిన ఆ ప్రయోగాలను పుస్తకాల్లో చదివినవారికి సైతం, వాటి వెనుక ఉన్న చోట్లు ఎంత దగ్గర దగ్గరగా అమరి ఉన్నాయో ఈ దారిన ప్రయాణించినప్పుడే తెలిసివస్తుంది. తూర్పు నుంచి పడమరకు సాగే ఈ క్రమం ఆ సీజన్‌లోని మొదటి నాటకం పుట్టిన క్రమమే కావడం వల్ల ఈ వ్యాసం కూడా అదే క్రమాన్ని పాటిస్తుంది.

క్రాకూఫ్

విస్తులా నది వంపు మీద లేచిన వావెల్ గుట్ట పోలండ్ ప్రజలకు రాజధానీ, దేవాలయమూ, శ్మశానమూ ఒక్కటైన చోటు. రాజుల పట్టాభిషేకాలు జరిగింది ఇక్కడి కేథడ్రల్‌లోనే, వారిని సమాధి చేసిందీ ఇక్కడే; ఆదమ్ మిత్స్కెవిచ్, యులియుష్ స్వొవాత్స్కీ వంటి జాతీయ కవుల అవశేషాలు సైతం అదే కేథడ్రల్ నేలమాళిగలో ఉన్నాయి. 1795 నుంచి 1918 వరకు, రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యాలు పంచుకున్న కారణంగా, పోలండ్ అనే దేశం పటం మీద లేదు. ఆ కాలంలో దేశానికి బదులుగా జనం మనసులో నిలిచిన చోట్లలో వావెల్ మొదటిది. చిత్రకారుడూ నాటకకర్తా అయిన స్తనిస్వాఫ్ విస్పియాన్‌స్కీ 1904లో రాసిన 'అక్రోపొలిస్' నాటకానికి రంగం ఈ కేథడ్రలే. ఏథెన్స్ నగరపు కొండ మీది పవిత్ర ప్రాంగణం పేరును ఆయన వావెల్‌కు పెట్టి, ఐరోపా నాగరికత సారమంతా ఇక్కడ పోగుపడిందని సూచించాడు. ఈస్టర్ పండుగకు ముందు రాత్రి విగ్రహాలూ, గోడ తెరల మీద నేసిన బొమ్మలూ ప్రాణం పోసుకుని దిగివస్తాయి. ట్రాయ్ నగరపు పారిస్, హెలెన్, బైబిల్‌లోని యాకోబు, ఏశావు తమ కథలను మళ్లీ బతుకుతారు. తెల్లవారేసరికి క్రీస్తు పునరుత్థానంతో నాటకం ముగుస్తుంది.

1933లో జెషూఫ్ పట్టణంలో పుట్టిన గ్రోటోవ్‌స్కీ నటనలో శిక్షణ పొందింది క్రాకూఫ్ నాటక విద్యాలయంలోనే. 1955లో అక్కడి చదువు ముగించి, మాస్కోలో ఒక ఏడాది దర్శకత్వం అభ్యసించి, తిరిగివచ్చాక ఇక్కడి విద్యార్థి సంఘంలో యోగం, ఉపనిషత్తులు, బౌద్ధం గురించి వరుస ప్రసంగాలు చేశాడు. ఒక పక్క రష్యన్ దర్శకుడు స్తనిస్లావ్‌స్కీ రూపొందించిన నటనా క్రమశిక్షణ, మరో పక్క ప్రాచ్య దర్శనాల మీద మక్కువ, వీటి వెనుక మిత్స్కెవిచ్, స్వొవాత్స్కీ, విస్పియాన్‌స్కీల నాటక సంప్రదాయం: ఈ మూడింటినీ మూటగట్టుకుని క్రాకూఫ్ విడిచిన యువకుడికి అప్పటికి ఇరవై ఆరేళ్లు.

ఓష్వియెంచిమ్

క్రాకూఫ్ నుంచి పడమరగా డెబ్భై కిలోమీటర్ల లోపే ఉన్న ఈ పట్టణాన్ని ప్రపంచం ఆష్విట్జ్ అనే జర్మన్ పేరుతో ఎరుగుతుంది. 1940లో నాజీలు ఏర్పరచి, పక్కనే బిర్కెనావ్‌కు విస్తరించిన ఈ శిబిరాలలో సుమారు 11 లక్షల మందిని చంపారు. వారిలో అత్యధికులు యూదులు. 1945 జనవరి 27న సోవియట్ సైన్యం విముక్తి కలిగించిన శిబిరం 1947 నుంచి మ్యూజియంగా ఉంది. ఇటుకతో కట్టిన బారకులలో బూట్ల గుట్టలు, సూట్‌కేసులు, కత్తిరించిన జుట్టు, వంటపాత్రలు అద్దాల వెనుక పోగుపోసి కనిపిస్తాయి. మనుషులు పోయి వస్తువులు మిగలడమంటే ఏమిటో అక్కడ మాటల అవసరం లేకుండా అర్థమవుతుంది.

వావెల్ చూసిన మరునాడో ఆ సాయంత్రమో ఈ చోటికి వచ్చే యాత్రికుడు తెలియకుండానే గ్రోటోవ్‌స్కీ వేసిన అడుగులో అడుగు వేస్తాడు. విస్పియాన్‌స్కీ నాటకంలో నాగరికత సారం కేథడ్రల్‌లో కొలువై ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి ఇరవై ఏళ్లయినా నిండని కాలంలో, ఆ సారం ఎక్కడ పరీక్షకు నిలిచిందన్న ప్రశ్నకు గ్రోటోవ్‌స్కీకి దొరికిన జవాబు ఆష్విట్జ్. అందువల్ల ఆయన నాటకంలోని మాటలను చాలావరకు అలాగే ఉంచి, చోటును మాత్రం మార్చాడు. కేథడ్రల్ శిబిరమైంది, విగ్రహాలు ఖైదీలయ్యాయి. రాయి నుంచి లేచి ప్రేమించే హెలెన్, పారిస్, దేవదూతతో కుస్తీ పట్టే యాకోబు, వీరంతా చావుకు ముందు పనికీ పనికీ నడుమ చిక్కిన విరామంలో ఖైదీలు కనే పగటికలలుగా మారారు.

ఈ ప్రదర్శనకు దృశ్య రూపకల్పనలో తోడ్పడిన చిత్రకారుడు యూజెఫ్ షైనా స్వయంగా ఆష్విట్జ్, బుఖెన్‌వాల్డ్ శిబిరాల నుంచి బతికి బయటపడినవాడు. శిబిరాన్ని ఉన్నదున్నట్టుగా వేదిక మీద కట్టి చూపించడం ఆయనకు అసాధ్యమేమీ కాకపోయినా, ఆ పని చేయలేదు. నటులంతా చిల్లులు పొడిచిన గోనె బట్టలు, బరువైన చెక్కబూట్లు, తలమీద టోపీలు ధరించడం వల్ల ఆడ, మగ, వయసు, హోదా అనే తేడాలన్నీ చెరిగిపోయాయి. చారల చొక్కాలు లేవు, కాపలా సైనికులు లేరు, జర్మన్ కేకలు లేవు. హింసించేవాడిని చూపించి ప్రేక్షకుడికి సులువైన కోపాన్ని అందించే దారిని మూసివేసిన తరువాత మిగిలింది బాధితుల దేహమే. శ్రమా, మరణమూ, ప్రేమా అన్నీ ఆ దేహం మీదనే జరిగాయి.

ఒపోలె

ఓడ్ర నది చీలికలూ కాలువలూ అల్లుకున్న ఒపోలె చూపరులను ఆకట్టుకునే చక్కని పట్టణం. పట్టణం నడుమ రీనెక్ అనే సంత చౌకు, దాని మధ్యలో ఇటలీలోని ఫ్లారెన్స్ నగరపు పలాత్సో వెక్కియోను పోలిన గోపురంతో పురపాలక భవనం, కొంత దూరంలో పియాస్త్ రాజవంశపు పాత కోటలో మిగిలిన ఒంటరి బురుజు కనిపిస్తాయి. 1945 వరకు ఇది ఒప్పెల్న్ అనే జర్మన్ పట్టణం. యుద్ధం తరువాత సరిహద్దులు పడమరకు జరగడంతో పోలండ్‌లో చేరింది, చాలామంది జర్మన్లు వెళ్లిపోయారు, తూర్పున సోవియట్ యూనియన్‌లో కలిసిన ప్రాంతాల నుంచి పోలిష్ కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. పాతుకుపోయిన నాటక సంప్రదాయం గానీ, తరాలుగా నాటకాలకు అలవాటుపడ్డ ప్రేక్షకులు గానీ లేని ఇటువంటి చోట కొత్త పని మొదలుపెట్టడంలో కష్టమూ ఉంది, స్వేచ్ఛా ఉంది.

1959లో రీనెక్ చౌకులోని 4వ నంబరు భవనంలో ఉన్న చిన్న నాటకశాల బాధ్యత విమర్శకుడు లుద్విక్ ఫ్లాషెన్‌కు అప్పగించారు. ఆయన దర్శకత్వానికి గ్రోటోవ్‌స్కీని పిలిచాడు. ప్రేక్షకుల కుర్చీలు పదమూడు వరుసల్లో ఉండడం వల్ల దానికి 'పదమూడు వరుసల నాటకశాల' అని పేరు వచ్చింది. ప్రభుత్వం సొమ్ముతో నడిచే సంస్థ కావడంతో నటులకు జీతాలుండేవి, తక్కువే అయినా క్రమం తప్పకుండా అందేవి. కొన్ని రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే ప్రేక్షకులు వచ్చినా సంస్థ మూతపడకపోవడానికి ఆ సహాయమే కారణం. ప్రయోగ నాటకం గురించి రాసేవారు దర్శకుడి ప్రతిభను పొగిడినంతగా ఇటువంటి వివరాన్ని పట్టించుకోరు. నిజానికి చిన్న పట్టణపు పాలకమండలి అయిదేళ్లపాటు భరించిన ఖర్చు లేకుండా ఆ ప్రతిభ రూపుదాల్చడానికి వ్యవధి దొరికేది కాదు.

మొదట్లో కాక్టో, బైరన్, మయకోవ్‌స్కీల రచనలు తీసుకున్న గ్రోటోవ్‌స్కీ 1960 డిసెంబరులో కాళిదాసు 'శాకుంతలం' ప్రదర్శించాడు. భారతీయ పాఠకుడికి సహజంగానే ప్రీతి కలిగించే ఈ సంగతికి రంగస్థల చరిత్రలో మరో ప్రాముఖ్యం ఉంది. యువ వాస్తుశిల్పి యెజి గురావ్‌స్కీ గ్రోటోవ్‌స్కీతో కలిసి పనిచేసిన మొదటి ప్రదర్శన ఇదే. ప్రేక్షాగారం ఒక వైపు, వేదిక మరో వైపు ఉండే అమరిక ఇక్కడే చెదిరింది. వేదికకు ముందు చట్రంలాంటి తోరణం కట్టి, దాని వెనుక జరిగేదాన్ని పటం చూసినట్టు చూపించే పద్ధతిని ప్రొసీనియం అంటారు. గురావ్‌స్కీ ఆ చట్రాన్ని తీసేసి, ఆటస్థలాన్ని మధ్యకు తెచ్చి, ప్రేక్షకులను ఎదురెదురుగా రెండు వైపులా కూర్చోబెట్టాడు. దుష్యంతుడినీ శకుంతలనూ చూస్తున్న ప్రేక్షకుడికి వారి వెనుక తనలాగే చూస్తున్న మరో ప్రేక్షకుడి ముఖం కూడా కనిపించసాగింది. కణ్వాశ్రమపు ప్రణయకథ ఒపోలెలో ఎంత వరకు పండిందన్నది వేరే ప్రశ్న. చూపు విషయంలో అది తెరిచిన దారి తరువాతి ప్రదర్శనలన్నిటికీ ఆధారమైంది.

అప్పటి నుంచి ప్రతి నాటకంతోనూ, ప్రేక్షకుడు ఎక్కడ కూర్చోవాలి, కథలో అతను ఎవరు, అన్న ప్రశ్న కొత్తగా తలెత్తేది. మిత్స్కెవిచ్ రాసిన 'జాదీ' అనే పితృదేవతారాధన నాటకంలో ప్రేక్షకుల కుర్చీలు గది అంతా చెల్లాచెదురుగా ఉండి, నటులు వారి మధ్యనే క్రతువు జరిపారు. 1962 ఫిబ్రవరిలో స్వొవాత్స్కీ రచన 'కోర్దియాన్'ను ప్రదర్శించినప్పుడు గది మొత్తం మానసిక రోగుల ఆసుపత్రి వార్డుగా మారింది. ఇనుప మంచాల మీదనే నటులు ఆడారు, అవే మంచాల మీద ప్రేక్షకులూ కూర్చున్నారు. జాతి కోసం ప్రాణమివ్వబోయే వీరుడి ఆవేశం పిచ్చివాడి ప్రలాపంగా వినిపిస్తూనే, ఆ ప్రలాపంలోంచి నిజమైన త్యాగం మెరుస్తుంది. పవిత్రమైనదాన్ని ఒకేసారి ఆరాధించడం, అవహేళన చేయడం అనే ఈ జంట పద్ధతి గ్రోటోవ్‌స్కీ ప్రయోగాలకు వెన్నెముక. జాతి తరతరాలుగా నమ్ముకున్న కథను ఊరికే పూజిస్తే అది మొద్దుబారుతుంది, ఊరికే వెక్కిరిస్తే చచ్చిపోతుంది; దాన్ని గట్టిగా నిలదీసినప్పుడే ఇంకా ప్రాణం ఉన్నదో లేదో బయటపడుతుంది. ఆ ఏడాదే సంస్థ తన పేరులో 'ప్రయోగశాల' అనే మాటను చేర్చుకుంది. ప్రదర్శనలతోపాటు నటుడి దేహం, గొంతు, ఊపిరి, ప్రేరణ ఎలా పనిచేస్తాయో పరిశోధించడం తమ పని అని ఆ పేరుతో ప్రకటించింది.

1962 అక్టోబరులో ప్రథమ ప్రదర్శన జరిగిన 'అక్రోపొలిస్'తో ఈ ప్రశ్నలన్నీ ఒక కొలిక్కి వచ్చాయి. గది మధ్యలో పెద్ద పెట్టె, దాని చుట్టూ తుప్పుపట్టిన పొయ్యి గొట్టాలు, రెండు ఇనుప తోపుడుబండ్లు, ఒక స్నానపు తొట్టి, మేకులు, సుత్తులు, ఒక వయొలిన్: మొత్తం రంగాలంకరణ అంతే. ప్రదర్శన సాగుతున్నకొద్దీ ఖైదీలు ఆ గొట్టాలను ప్రేక్షకుల తలల మీదుగా, పక్కల నుంచి బిగిస్తూ పోతారు. ముగింపు దగ్గరపడేసరికి గది మొత్తం దహనశాలగా తయారై, తాము దాని లోపలే కూర్చున్నామని ప్రేక్షకులకు అర్థమవుతుంది. బయటి నుంచి ఏ వస్తువూ కొత్తగా వేదిక మీదికి రాదు. ఉన్న వస్తువులే అవసరాన్ని బట్టి రూపం మార్చుకుంటాయి. స్నానపు తొట్టి పెళ్లిపడక అవుతుంది, తోపుడుబండి సింహాసనమవుతుంది. యాకోబు రాహేలును పెళ్లాడే ఘట్టంలో ఒక గొట్టమే పెళ్లికూతురవుతుంది. ఆ గొట్టాన్ని పట్టుకుని వరుడు ఊరేగుతుంటే వెనుక ఖైదీలు పెళ్లిపాట పాడతారు. ఆ క్షణంలో నవ్వాలో ఏడవాలో తెలియని స్థితిలో ప్రేక్షకుడిని నిలబెట్టడమే ఆ దృశ్యం ప్రయోజనం.

ముందటి నాటకాలలో ప్రేక్షకులను కథలోకి లాగిన గ్రోటోవ్‌స్కీ ఇందులో దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేశాడు. నటులు ప్రేక్షకుల మధ్యనే తిరుగుతారు, మోకాళ్లకు తగిలేంత దగ్గరగా నిలబడతారు, అయినా ఒక్కసారి కూడా వారిని చూడరు. ప్రేక్షకులు బతికి ఉన్నవారు, నటులు చనిపోయినవారు. ఆ రెండు లోకాల మధ్య ఎంత చిన్న గది అయినా దూరం తగ్గదు. నటులు ముఖ కండరాలను బిగించి, మేకప్ లేకుండానే ముఖాన్ని ముసుగుగా మార్చి ప్రదర్శన పొడవునా అదే కవళికను నిలిపారు. చెక్కబూట్ల చప్పుడే తాళమైంది, గొంతుల్లోంచి పలికిన గొణుగుడు, కేక, జపం లాంటి ధ్వని సంగీతమైంది. చివరికి ఖైదీలు తల లేని బొమ్మ ఒకదాన్ని తమ రక్షకుడిగా ఎత్తుకుని, ఆనందంతో పాడుతూ ఆ పెట్టె చుట్టూ ఊరేగి, ఒక్కొక్కరుగా అందులోకి దిగిపోగా మూత పడుతుంది. విస్పియాన్‌స్కీ రాసిన పునరుత్థానం ఇక్కడ దహనశాలలోకి ప్రవేశంగా ముగిసింది.

ఈ ప్రదర్శనతో రూపుకట్టిన భావనకే తరువాత 'పేద రంగస్థలం' అనే పేరు స్థిరపడింది. నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా విభజించిన సంగతి తెలుగు పాఠకులకు పరిచితమే. ఆ పరిభాషలో చెబితే, వేషభూషలూ రంగాలంకరణా కలిసిన ఆహార్యాన్ని గ్రోటోవ్‌స్కీ కనీస స్థాయికి తగ్గించి, ఆ భారమంతా ఆంగిక వాచికాల మీద మోపి, వాటి గుండా సాత్త్వికాన్ని రాబట్టడానికి ప్రయత్నించాడు. దీపాల మార్పులు, రికార్డు చేసిన సంగీతం, మేకప్, తెరలు ఒక్కొక్కటే తీసివేస్తూ పోయినా నాటకం నిలుస్తుంది. నటుడినీ ప్రేక్షకుడినీ, వారి మధ్య ఆ క్షణాన పుట్టే సంబంధాన్నీ తీసివేస్తే మాత్రం నిలవదు. సినిమా, టెలివిజన్ల సంపదతో పోటీపడే బదులు, అవి ఎన్నటికీ ఇవ్వలేని ఈ ప్రత్యక్ష సంబంధాన్నే రంగస్థలం తన ఆస్తిగా గుర్తించాలని ఆయన వాదన.

సీజన్‌లో రెండవ ప్రయోగం, 1963 ఏప్రిల్‌లో వచ్చిన ఆంగ్ల నాటకకర్త మార్లో నాటకం 'డాక్టర్ ఫాస్టస్'. ఇందులో గురావ్‌స్కీ గదిని క్రైస్తవ మఠంలోని భోజనశాలగా మార్చాడు. రెండు పొడవాటి బల్లలకు ఇరువైపులా ప్రేక్షకులు కూర్చుంటారు, వాటి చివర అడ్డంగా ఉన్న చిన్న బల్ల దగ్గర ఫాస్టస్ ఉంటాడు. నరకానికి పోవలసిన గంటకు ముందు ఆయన ఇచ్చే ఆఖరి విందుకు ప్రేక్షకులందరూ అతిథులు. పళ్లేలలో భోజనానికి బదులు ఆయన జీవితఘట్టాలు వడ్డించబడతాయి, నటులు ఆ బల్లల మీదనే ఆడతారు. జ్బిగ్న్యెఫ్ త్సింకుతిస్ ఫాస్టస్‌గా నటించగా, మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం పాత్రను రేనా మిరెత్స్కా, ఆంతొని యహౌకోవ్‌స్కీ అనే స్త్రీపురుషులిద్దరూ కలిసి పోషించారు. మార్లో రాసిన ఫాస్టస్ జ్ఞానం కోసం ఆత్మను అమ్ముకున్న పాపి. గ్రోటోవ్‌స్కీ ఫాస్టస్, సత్యం కోసం దేవుడితోనే తలపడిన ఋషి. 'అక్రోపొలిస్'లో ప్రేక్షకుడు మృతుల లోకానికి పరాయివాడు, 'ఫాస్టస్'లో అదే ప్రేక్షకుడు పక్కనే కూర్చున్న బంధువు. ఆరు నెలల తేడాతో ఒకే గదిలో ఈ రెండు ధ్రువాలనూ పరీక్షించడంలోనే ఆ సీజన్ గొప్పతనం ఉంది.

ఒపోలె దాటి ఈ పనికి గుర్తింపు రావడానికి తోడ్పడినవాడు యూజీనియో బార్బా అనే ఇటాలియన్ యువకుడు. నాటక విద్యార్థిగా పోలండ్ వచ్చి, గ్రోటోవ్‌స్కీకి సహాయకుడిగా చేరిన ఆయన, 1963 జూన్‌లో వార్సాలో అంతర్జాతీయ నాటక సంస్థ మహాసభ జరుగుతున్నప్పుడు, అదే సమయంలో వూడ్జ్ నగరంలో ప్రదర్శిస్తున్న 'ఫాస్టస్'ను చూపించడానికి పలువురు విదేశీ ప్రతినిధులను వెంటబెట్టుకుని వెళ్లాడు. వారు రాసిన వ్యాసాలతో, చేసిన ప్రసంగాలతో అప్పటిదాకా పక్క జిల్లాకు కూడా సరిగా తెలియని నాటకశాల పేరు పారిస్, లండన్ చేరింది. ఆ ఏడాదే బార్బా కేరళలోని చెరుతురుత్తి వెళ్లి, కళామండలం అనే కళా విద్యాలయంలో కథకళి విద్యార్థుల శిక్షణను పరిశీలించాడు. కళ్లు, పాదాలు, వెన్ను ఒక్కొక్కటిగా ఏళ్ల తరబడి సాధన చేయించే ఆ పద్ధతి గురించి ఆయన తెచ్చిన సమాచారం ఒపోలె నటుల సాధనలోనూ చేరింది. బార్బా తరువాత నార్వేలో ఓదిన్ నాటకసంస్థను స్థాపించి, 1968లో గ్రోటోవ్‌స్కీ వ్యాసాలను 'పేద రంగస్థలం వైపు' అనే గ్రంథంగా వెలువరించాడు.

వ్రొత్స్వాఫ్

ఒపోలెలో అధికారుల మద్దతు సన్నగిల్లడంతో 1965 ఆరంభంలో సంస్థ వ్రొత్స్వాఫ్‌కు తరలివచ్చింది. రెండు పట్టణాల మధ్య రైలు ప్రయాణం ఇంచుమించు గంట. 1945 వరకు బ్రెస్లావ్ అనే జర్మన్ నగరంగా ఉండి, యుద్ధం చివరి నెలల్లో శిథిలమై, తిరిగి నిర్మాణమైన వ్రొత్స్వాఫ్‌లో సంస్థకు దొరికిన చోటు కూడా సంత చౌకులోనే, పాత పురపాలక భవనాన్ని ఆనుకున్న సందులో ఉంది. మెట్లెక్కి వెళితే వచ్చే ఆ ప్రదర్శనశాల ప్రస్తుతం గ్రోటోవ్‌స్కీ సంస్థ ఆధ్వర్యంలో ఉంది, అందులో ఇప్పటికీ ప్రదర్శనలు, శిక్షణ శిబిరాలు జరుగుతాయి. ప్రపంచ నాటక చరిత్ర గ్రంథాలన్నిటా కనిపించే గది ఇంత చిన్నదా అని అక్కడికి వచ్చిన సందర్శకుడికి ఆశ్చర్యం కలుగుతుంది.

1965లో ఈ గదిలోనే 'స్థిరచిత్త రాకుమారుడు' ప్రదర్శన జరిగింది. స్పానిష్ నాటకకర్త కాల్దెరోన్ రచనకు స్వొవాత్స్కీ చేసిన పోలిష్ రూపం దీనికి ఆధారం. గురావ్‌స్కీ ఎత్తైన చెక్కగోడ కట్టించి, దాని వెనుక నుంచి తల వంచి కిందికి చూసేలా కొన్ని పదుల మంది ప్రేక్షకులకు చోటిచ్చాడు. శస్త్రచికిత్సను పైనుంచి గమనించే వైద్యవిద్యార్థుల స్థితి, నిషిద్ధమైనదాన్ని దొంగచాటుగా చూసే వారి స్థితి అందులో కలిసిపోయాయి. చెరలో చిత్రహింసలు అనుభవిస్తూ విశ్వాసం వదలని రాకుమారుడిగా రిషార్ద్ చెష్లాక్ చేసిన అభినయం ఇరవయ్యో శతాబ్దపు నటనకు ఒక కొలమానమైంది. ఆ పాత్ర కోసం గ్రోటోవ్‌స్కీ, చెష్లాక్ ఇద్దరే కూర్చుని నెలల తరబడి సాధన చేశారు. పైకి హింసగా కనిపించే దృశ్యానికి నటుడి లోపల ఆధారం హింస కాదని, యవ్వనారంభంలోని తొలి ప్రేమానుభవపు స్మృతి అని తరువాత గ్రోటోవ్‌స్కీ వెల్లడించాడు. నటుడి మీద కొత్త నైపుణ్యాలు పేర్చడానికి బదులు, అతని లోపలి ప్రేరణ బయటికి రాకుండా అడ్డుపడేవాటిని ఒక్కొక్కటే తొలగించే ఈ పద్ధతిని ఆయన నిరాకరణ మార్గం అన్నాడు.

ఈ మార్గానికి పరిమితులు లేకపోలేదు. నటుడి నుంచి ఇంతటి ఆత్మార్పణ కోరే పద్ధతి గురువు చేతిలో పెట్టే అధికారం తక్కువేమీ కాదు. దాన్ని వ్యాయామాల పట్టికగా మాత్రమే నేర్చుకున్న అనుకర్తల చేతుల్లో అది కేకలుగా, దొర్లడంగా దిగజారిన సందర్భాలు అనేకం. ప్రదర్శనల నుంచి 1970లో వైదొలగుతున్నట్టు ప్రకటించిన గ్రోటోవ్‌స్కీ, నటుడు, ప్రేక్షకుడు అనే విభజన కూడా లేని సమావేశాల వైపు, ఆపై వివిధ సంస్కృతుల సాధనామార్గాల పరిశోధన వైపు సాగాడు. పోలండ్‌లో సైనిక శాసనం అమలయ్యాక 1982లో దేశం విడిచాడు. 1984లో ప్రయోగశాల తనను తాను రద్దు చేసుకుంది. ఆయన తన చివరి సంవత్సరాలను ఇటలీలోని పొంతెదెరాలో గడిపి, 1999 జనవరి 14న మరణించాడు.

అరుణాచలం

ఇంతటితో ముగియవలసిన ప్రయాణం తెలుగు యాత్రికుడిని తిరిగి దక్షిణ భారతానికే తీసుకువస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో గ్రోటోవ్‌స్కీ నియెనదూఫ్కా అనే పల్లెలో తలదాచుకున్నప్పుడు, ఉపాధ్యాయిని అయిన తల్లి తెచ్చిన పుస్తకాలలో ఆంగ్ల రచయిత పాల్ బ్రంటన్ భారతయాత్రా గ్రంథం ఒకటి. అందులోని రమణ మహర్షి వృత్తాంతం చదివిన పదేళ్లయినా నిండని గ్రోటోవ్‌స్కీ మీద, 'నేనెవరు' అనే విచారణ జీవితాంతం చెరగని ముద్ర వేసింది. మరణానంతరం ఆయన చితాభస్మాన్ని తిరువణ్ణామలైలో మహర్షి నివసించిన అరుణాచలం కొండ మీదనే చల్లారు. ఆ కొండతో తెలుగువారి అనుబంధం కూడా లోతైనదే. 1907లో వెంకటరామన్ అనే యువతపస్వికి రమణ మహర్షి అని పేరు పెట్టినవాడు బొబ్బిలి దగ్గరి కలవరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని. స్త్రీ స్వేచ్ఛ గురించి రాసి సమాజాన్ని నిలదీసిన రచయిత చలం 1950లో అక్కడికి చేరి, 1979లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ముసుగులన్నీ తొలగించుకుంటూ పోతే ఏది మిగులుతుందని అడిగే ఆ కొండ విచారణకూ, ఒపోలె గదిలో నటుడి మీద జరిగిన పరిశోధనకూ ఉన్న బంధుత్వాన్ని గ్రోటోవ్‌స్కీ జీవితమే ధ్రువపరుస్తుంది. అయినా ఆయనను భారతీయ తత్త్వానికి శిష్యుడిగా మాత్రమే చెప్పుకుని తృప్తిపడడం సరికాదు. వావెల్ నుంచి ఆష్విట్జ్ దాకా ఉన్న డెబ్భై కిలోమీటర్ల చరిత్రను మోయకపోతే ఆ విచారణ 'అక్రోపొలిస్' అయ్యేది కాదు.

ఒపోలె సీజన్ నుంచి నేర్చుకోవలసినది కూడా ఇక్కడే ఉంది. భారతదేశంలో 1970లలో నాటకకర్త బాదల్ సర్కార్ కలకత్తాలో వేదికనూ దీపాలనూ టిక్కెట్టునూ వదులుకుని ప్రేక్షకుల మధ్యకు వచ్చినప్పుడు, గ్రోటోవ్‌స్కీ నుంచి అందుకున్న సూత్రాన్ని తన నగరపు ఆకలికీ అసమానతకూ అన్వయించాడు. అందువల్లనే అది అనుకరణ కాకుండా 'మూడవ రంగస్థలం' అనే స్వతంత్ర మార్గమైంది. చిన్న గది, ఖాళీ వేదిక, దగ్గరి ప్రేక్షకుడు ఎవరికైనా దొరుకుతాయి, వాటితోనే ప్రయోగం కాదు. తన జాతి అత్యంత పవిత్రంగా దాచుకున్న కథను, తన నేల మీద జరిగిన అత్యంత ఘోరమైన సంఘటన ఎదుట నిలబెట్టి, ఆ కథ ఇంకా నిలుస్తుందా అని అడిగే తెగువ ఒపోలె నటవర్గానికి ఉంది. ఆ ప్రశ్నను గుంపుకు వేయలేరు. చూపు తప్పించుకోలేనంత దగ్గరలో ఉన్న కొద్దిమందికి, ఒక్కొక్కరికే వేయగలరు. పదమూడు వరుసల గది ఆ పనికి సరిగ్గా సరిపోయిన పనిముట్టు. దాని ఇరుకుతనాన్ని లోటుగా భావించి పెద్ద శాల కోసం ఎదురుచూసి ఉంటే, రంగస్థలానికి ఇరవయ్యో శతాబ్దం ఇచ్చిన గొప్ప ప్రశ్నలలో ఒకటి అడగబడకుండానే పోయేది.